కొడవలి మీద ముద్ర కావాలి

పట్నాల్లో కత్తులంటే మోజున్నవాళ్లు కొందరుంటారు. జర్మనీ కత్తి, జపాన్ కత్తి కొని బీరువాలో దాచుకుంటారు. మన దేశంలో తయారైన కత్తి చూపిస్తే పెదవి విరుస్తారు. పదును నిలవదంటారు, పిడి వదులంటారు, ఒకటి బాగుంటే రెండోది బాగోదంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ కత్తి మంచిచెడ్డలు చెప్పే హక్కు ముందు ఎవరికుంది? పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాన్ని పట్టుకుని పనిచేసేవాళ్లకి. డెల్టాలో వరి కోసే కూలీకి, కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడికి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడికి, పాపికొండల్లో వెదురు నరికే కొండరెడ్డికి. వీళ్ల మాట ఏ కంపెనీ అడగదు, ఏ ప్రభుత్వమూ అడగదు. మన సంఘమైనా అడగాలని నా అభిప్రాయం.

కోత మిషన్లు వచ్చాక కొడవలితో పనేముంది అనేవాళ్లున్నారు. తుపానుకి చేను పడిపోయి మడిలో నీళ్లు నిలిచినప్పుడు చూడండి. చాలాచోట్ల మిషను దిగదు, దిగినా అద్దె రెట్టింపు అడుగుతారు. అప్పుడు కౌలు రైతుకి దిక్కు కొడవలే. గట్ల మీద గడ్డి కోయాలన్నా, పశువులకి మేత తేవాలన్నా, సరుగుడు కొమ్మలు కొట్టాలన్నా చేతి పనిముట్టు కావాల్సిందే.

ఆ పనిముట్టు ఇప్పుడెలా దొరుకుతోంది? కొట్లో డజన్ల లెక్కన గుత్తులు కట్టి వేలాడుతున్నాయి. తళతళలాడే రంగు, నున్నటి పిడి. మొన్న సార్వా కోతలకి నేను తెచ్చిన అరడజనులో రెండు మూడో రోజుకే మొండివారాయి. కొట్టాయన్ని అడిగితే "కంపెనీ సరుకండి, మేమేం చేస్తాం" అన్నాడు. ఏ కంపెనీ అని తిప్పి చూస్తే దాని మీద పేరే లేదు. వంటింట్లో ప్రెషర్ కుక్కరుకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. మన చేతిలో కొడవలికి మాత్రం చేసినవాడి పేరు కూడా అక్కర్లేదట.

కొడవలి పదును ఎందుకు నిలవదో రైతులు తెలుసుకోవాలి. అంతా ఇనుములో కార్బన్ ఎంతుందన్న దాని మీద ఉంది. చవక రేకులో కార్బన్ నూటికి పావు వంతు కూడా ఉండదు. దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడదు. లారీ కమాను పట్టీలో అర వంతుకి పైనే ఉంటుంది. అందుకే మన కమ్మరులు ఏళ్ల తరబడి కమాను పట్టీ ఏరి తెచ్చి కత్తులు చేస్తున్నారు. ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగదీసి, ముంచి గట్టిపరిచి, మళ్లీ కొద్దిగా వేడి చూపించి పెళుసుదనం తీస్తారు. ఈ చివరి పని తెలిసినవాడే పనివాడు. అది తప్పితే అంచు విరుగుతుంది, మొదటిది తప్పితే అంచు మడుస్తుంది. కొనేటప్పుడు అంచు మీద ఆకురాయి ఒక్కసారి లాగి చూడండి. వెన్నలో దిగినట్టు దిగిపోతే అది రేకు. జారిపోతూ గరగరలాడితే దానికి పదును పెట్టారన్నమాట.

ఈ విద్య మనకి కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చారు. హెన్రీ వోయ్‌సీ అనే దొర ఆ పని చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. డమాస్కస్ కత్తులని ప్రపంచమంతా పొగిడిన వాటిలోకి మన దక్షిణాది ఉక్కు వెళ్లింది. ఇంగ్లండులో ఫారడే అంతటి శాస్త్రవేత్త ఆ ఉక్కులో ఏముందో తేల్చాలని 1820 ప్రాంతంలో ప్రయోగాలు చేశాడు. అయితే కత్తి పేరు డమాస్కస్‌కి పోయింది. ఉక్కు తీసినవాళ్ల పేరు ఎక్కడా మిగల్లేదు.

అదే విదేశాల్లో చూడండి. ఇంగ్లండులోని షెఫీల్డులో కత్తులు చేసేవాళ్లకి 1624లోనే ఒక సంఘం ఏర్పడింది. ఎవరి ముద్ర వాళ్లకి నమోదు చేసి, నాసిరకం చేసినవాడిని నిలదీసేది. జర్మనీలోని జోలింగెన్ ఊరి పేరు కత్తి మీద ఎవరుపడితే వాళ్లు వేసుకోకుండా 1938లో చట్టమే చేశారు. వాళ్ల కత్తికి పేరు ఊరికే రాలేదు. పేరుని కాపాడే ఏర్పాటు ఉంది కాబట్టి వచ్చింది.

మన ఊళ్లలో ఆ ఏర్పాటు ఒకప్పుడు వేరే రకంగా ఉండేది. కమ్మరికి కళ్లంలో మేర కొలిచేవాళ్లం. ఏడాదంతా కొడవళ్లకి కక్కు కొట్టడం, గునపానికి మొన తీయడం, పారకి పిడి వేయడం ఆయన బాధ్యత. పని బాగోకపోతే మర్నాడు కొలిమి దగ్గరికెళ్లి అడిగేవాళ్లం. మొహమొహాలు తెలుసు కాబట్టి ఎవరూ తప్పించుకునేవారు కాదు. ఆ పద్ధతిలో కులం కట్టుబాట్లూ, వెట్టీ ఉన్నాయి. అవి మళ్లీ రావాలని నేననను. ఆ జవాబుదారీతనం మాత్రం పోగొట్టుకున్నాం.

ఇక్కడ పోలవరంలో ఆ నష్టం రెండింతలు. ప్రాజెక్టు కింద ఖాళీ చేయించిన ఊళ్లతో పాటు కొలుములూ పోయాయి. కాలనీలో ఇల్లు ఇస్తే కమ్మరికి ఇల్లు వస్తుంది. చుట్టూ ఉన్న పది గూడేల బేరం రాదు. ఆయన పేరు ఆ పాత ఊళ్లలోనే ఉంది. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలులో చేతివృత్తుల కుటుంబానికి కనీసం 25,000 రూపాయలు ఒక్కసారి సాయం అని రాశారు. కొలిమి, దాగలి, తిత్తి, పోయిన బేరం అన్నిటికీ కలిపి అది ఏపాటి?

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో కమ్మరి వృత్తి ఉంది. 15,000 రూపాయల విలువైన పనిముట్లు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. మంచిదే, అర్హులంతా తీసుకోవాలి. కానీ చేసిన కొడవలి ఎవరు కొంటారన్న దానికి అందులో జవాబు కనపడదు. విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న రాష్ట్రంలో కమ్మరి పాత లారీ ముక్కల కోసం తుక్కు కొట్ల చుట్టూ తిరుగుతున్నాడు. బొగ్గు సంగతీ అంతే.

కాబట్టి మన సంఘం నాలుగు మాటలు గట్టిగా అడగాలి. అమ్మే ప్రతి కొడవలి, కత్తి, పార మీద చేసినవారి పేరు, ఉక్కు రకం ముద్ర ఉండాలి. కమ్మరులకి సరైన ఉక్కు పట్టీ, బొగ్గు సహకార సంఘాల ద్వారా సరసమైన ధరకి ఇవ్వాలి. రైతు సేవా కేంద్రాలు చేతి పనిముట్లు తెప్పిస్తే ముందు స్థానిక కమ్మరుల దగ్గర కొనాలి. నిర్వాసిత కాలనీల్లో కొలిమికి విడిగా స్థలం చూపించాలి.

మనం చేయాల్సింది కూడా ఉంది. ముప్పై రూపాయలు తక్కువని పేరులేని సరుకు కొని, ఆనక దేశవాళీ సరుకింతే అని తిట్టడం మానాలి. దాళ్వా కోతలకి ముందే ప్రతి గ్రామ శాఖ తమ మండలంలో కొలిమి నడుపుతున్నవాళ్ల జాబితా రాయాలి. ఎవరి కత్తి ఎన్నాళ్లు నిలిచిందో రైతుల్నీ, కూలీల్నీ అడిగి పక్కన రాయాలి. ఆ జాబితా వచ్చే మండల సమావేశానికి తెండి. తీర్మానం దాని మీదే పెడదాం.