ఇద్దరి ఇల్లు, ఒకరి స్కోరు: ఉమ్మడి గృహరుణంలో అసలు చిక్కు

న్యూఢిల్లీ: భర్త జీతం నెలకు రూ.70 వేలు, భార్య జీతం రూ.45 వేలు అనుకుందాం. ఫ్లాటు నచ్చింది, బయానా ఇచ్చారు, రూ.50 లక్షల గృహరుణానికి ఇద్దరూ కలిసి దరఖాస్తు చేశారు. భర్త సిబిల్ స్కోరు 790, భార్యది 610. బ్యాంకు అధికారి మర్యాదగా చెప్పే మాట ఒక్కటే: 'మేడమ్ పేరు తీసేసి పెట్టండి.' మహానగరాల్లో సొంతింటికి రెండు జీతాలు తప్పనిసరైన ఈ రోజుల్లో చాలా దంపతులకు ఎదురవుతున్న సమస్య ఇది. ఈ సలహాకు ఎంత మూల్యం చెల్లించాలో ఆ బల్ల దగ్గర ఎవరూ లెక్క వేయరు.

పెళ్లితో పరపతి చరిత్రలు కలిసిపోవు. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు ఎవరి ఖాతా వారిదిగానే 300 నుంచి 900 మధ్య స్కోరు ఇస్తాయి. అవి ఒకే బల్ల మీదకు వచ్చేది ఉమ్మడి దరఖాస్తు రోజునే. అప్పుడు ఏ స్కోరును ప్రమాణంగా తీసుకోవాలన్నది బ్యాంకు అంతర్గత విధానం. కొన్ని ప్రధాన దరఖాస్తుదారు స్కోరు చూస్తాయి, కొన్ని తక్కువ ఉన్నదాన్నే పట్టుకుంటాయి. కనుక ఒక చోట తిరస్కరణ అన్ని చోట్లా తిరస్కరణ కాదు. అలాగని పది బ్యాంకుల్లో ఒకేసారి దరఖాస్తు పెడితే ప్రతి విచారణా నివేదికలో నమోదై స్కోరును మరింత లాగుతుంది. ముందుగా విధానం అడిగి, ఆ తర్వాతే దరఖాస్తు ఇవ్వడం మేలు.

రుణం మంజూరైనా వడ్డీ రేటు పెరగవచ్చు. రూ.50 లక్షలకు 20 ఏళ్ల గడువుతో 8 శాతం వడ్డీ అయితే నెలసరి వాయిదా రూ.41,822. అదే 9 శాతమైతే రూ.44,986. నెలకు మూడు వేల తేడా స్వల్పంగానే తోస్తుంది గానీ గడువు ముగిసేసరికి అది రూ.7.59 లక్షలు.

ఇక భార్య పేరు తీసేస్తే ఏమవుతుంది? వాయిదాలు ఆదాయంలో సుమారు సగం మించకూడదని బ్యాంకు లెక్క వేసుకుంటే, భర్త ఒక్కడి జీతం మీద 8 శాతం వడ్డీకి దాదాపు రూ.42 లక్షలే వస్తాయి. ఇద్దరి జీతం మీద రూ.68 లక్షలకు పైగా రావలసి ఉంది. లోటైన రూ.8 లక్షలు బంధువుల దగ్గరో, ఎక్కువ వడ్డీ వ్యక్తిగత రుణంగానో తెచ్చుకోవాలి. పాత పన్ను విధానంలో ఉన్నవారు సహయజమానులూ సహరుణగ్రహీతలూ అయితే, స్వయంగా నివసించే ఇంటి వడ్డీపై చెరో రూ.2 లక్షల వరకు పొందగల మినహాయింపులో ఒకటి పోతుంది. ఢిల్లీ వంటి చోట స్టాంపు డ్యూటీ తేడా కూడా కలుస్తుంది. అక్కడ పురుషుడి పేరిట కంటే మహిళ పేరిట డ్యూటీ తక్కువ.

అంతకంటే బరువైన నష్టం మరొకటుంది. ఇంటి సహయజమానులందరూ సహరుణగ్రహీతలుగా ఉండాలని బ్యాంకులు సాధారణంగా పట్టుబడతాయి. కాబట్టి రుణపత్రంలో పేరు తీసేయడమంటే చాలా సందర్భాల్లో క్రయదస్తావేజులో కూడా పేరు లేకపోవడమే. గోవాను మినహాయిస్తే మన దేశంలో వివాహం వల్ల భర్త స్వార్జితం ఉమ్మడి ఆస్తి కాదు. ఇంటి ఖర్చంతా తన జీతంతో నెట్టుకొస్తూ, భర్త జీతం వాయిదాలకు వదిలిన భార్యకు ఆ ఇంటిపై కాగితం మీద హక్కేమీ మిగలదు. తర్వాత దానపత్రం ద్వారా వాటా రాయించుకోవచ్చు గానీ, ఇల్లు తనఖాలో ఉన్నంతకాలం బ్యాంకు అనుమతి కావాలి, ఖర్చూ ఉంటుంది. 'తర్వాత చూద్దాం' అన్నది ఎన్ని ఇళ్లలో నిజంగా జరుగుతుందో పాఠకులకే తెలుసు.

పైగా ఆ 610 స్కోరు ఎవరి పొరపాటు? భర్త వ్యాపారానికి భార్య పేరిట తీసుకున్న రుణం, తమ్ముడి బండికి సహరుణగ్రహీతగా పెట్టిన సంతకం, ఎప్పుడో మరచిన క్రెడిట్ కార్డు వార్షిక రుసుము, ఇవన్నీ సంతకం చేసినవారి ఖాతాలోనే పడతాయి. బకాయిలో కొంత కట్టి బేరం కుదుర్చుకున్న ఖాతా 'ముగిసింది' అని కాక 'సెటిల్డ్' అని నమోదవుతుందని చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. మిగిలిన మొత్తం చెల్లించి, బకాయి లేదన్న పత్రం తీసుకుని, నమోదు మార్పించుకోవడం దానికి మార్గం.

నివేదికలో తప్పే ఉంటే నిబంధనలు ఇప్పుడు వినియోగదారుకు అనుకూలంగా ఉన్నాయి. ప్రతి సంస్థ నుంచి ఏడాదికోసారి పూర్తి నివేదిక ఉచితంగా పొందవచ్చు. ఫిర్యాదును 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు ఆదేశం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 2022 సెప్టెంబరు నుంచి ఈ సంస్థలు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పరిధిలోకి కూడా వచ్చాయి. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు కనీసం పక్షానికోసారి సమాచారం పంపాలి గనుక, చెల్లించిన బకాయి త్వరగానే కనిపిస్తుంది. కానీ నిజంగా ఎగవేసిన వాయిదాను ఏ ఏజెంటూ చెరపలేడు. ఆ పేరుతో రుసుము అడిగేవారికి దూరంగా ఉండటమే క్షేమం.

అందుచేత, తొందర లేనివారు కొన్ని నెలలు ఆగి, బకాయిలు తీర్చి, కార్డు వాడకం పరిమితిలో మూడో వంతుకు తగ్గించి, ఇద్దరి పేర్లతోనే వెళ్లడం ఈ విశ్లేషకుని దృష్టిలో మెరుగు. ఆగలేనివారు ఎక్కువ వడ్డీకైనా ఉమ్మడిగా తీసుకుంటే ఒక వెసులుబాటు ఉంది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే చలన వడ్డీ గృహరుణాలు రెపో వంటి బాహ్య ప్రమాణానికి అనుసంధానమయ్యాయి. రుణగ్రహీత పరపతి అంచనా గణనీయంగా మారితే దానిపై వేసిన రిస్కు ప్రీమియాన్ని మార్చే వీలు ఆ నిబంధనల్లోనే ఉంది. ఏడాది, రెండేళ్లు వాయిదాలు సక్రమంగా కట్టాక రాతపూర్వకంగా అడగవలసింది రుణగ్రహీతే. బ్యాంకు తానై గుర్తుచేస్తుందని ఎదురుచూడరాదు.

మంచి స్కోరు ఉన్నవారు కూడా ఒకటి తెలుసుకుని సంతకం చేయాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఉమ్మడిగా అప్పు పడ్డవారిలో ఎవరి నుంచైనా మొత్తం వసూలు చేసుకునే హక్కు రుణదాతకు ఉంది. ఒక వాయిదా తప్పితే మచ్చ ఇద్దరి నివేదికల్లోనూ పడుతుంది. దంపతులు విడిపోయి, కోర్టు విడాకులు మంజూరు చేసి, ఇల్లు ఒకరికి దక్కినా, బ్యాంకు కొత్త ఒప్పందానికి అంగీకరించేవరకు రెండో వ్యక్తి పేరు ఆ రుణంలో అలాగే ఉంటుంది.