డిగ్రీ సరే.. ఆ తర్వాతి ఏడాదిన్నర ఎవరు భరించాలి?

బండారులంక: అమలాపురం పక్కనే ఉన్న ఈ ఊరి పేరు చెబితే ఎవరికైనా చీరే గుర్తొస్తుంది. ఆ మగ్గాల ఊళ్లో, చుట్టుపక్కల లంక గ్రామాల్లో ఇంటర్ పాసైన పిల్లల నోట ఇప్పుడు వినిపించే మాటలు వేరు. కంప్యూటర్ సైన్స్, ఏఐ, డేటా సైన్స్ అనేవాళ్లు కొందరు. యానిమేషన్, వీఎఫ్ఎక్స్, విజువల్ కమ్యూనికేషన్, గేమింగ్ అనేవాళ్లు ఇంకొందరు. ఇంట్లో పెద్దవాళ్లు అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: చదివాక ఉద్యోగం వస్తుందా, రాదా?

ప్రభుత్వ ప్రకటనలు చూస్తే వస్తుందనే అనిపిస్తుంది. 2025 ఏప్రిల్‌లో విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసలకు ఇచ్చేందుకు రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. 12 వేల ఉద్యోగాలు వస్తాయని చెప్పింది. మే నెలలో ముంబైలో వేవ్స్ సదస్సు జరిగిన రోజుల్లోనే అమరావతిలో ‘క్రియేటర్‌ల్యాండ్’ పేరుతో సినిమా, గేమింగ్, వినోద రంగాల నగరం కడతామని ఒప్పందం కుదిరింది. పెట్టుబడి 10 వేల కోట్లు, ఉద్యోగాలు 25 వేలు అన్నారు. అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో ఏఐ హబ్‌కు ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానంది.

అదే ఏడాది రెండో పేజీ కూడా చదవాలి. ఫిబ్రవరిలో టెక్నికలర్ గ్రూప్ కుప్పకూలింది. ‘ముఫాసా’ లాంటి హాలీవుడ్ సినిమాలకు గ్రాఫిక్స్ చేసిన ఎంపీసీ దాని కిందిదే. బెంగళూరు, ముంబై స్టూడియోల్లో మూడు వేల మందికి పైగా ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. జూలైలో టీసీఎస్ ప్రపంచవ్యాప్తంగా తన సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తున్నట్టు చెప్పింది. విశాఖలో ఇస్తామన్న సంఖ్య, మొత్తం కంపెనీలో తీసేస్తామన్న సంఖ్య దాదాపు ఒకటే కావడం యాదృచ్ఛికమే. కానీ లెక్క తెలిసినవాళ్లు పక్కపక్కన రాసుకోవాల్సిన అంకెలివి.

ఇందులో ఏది అబద్ధం? ఏదీ కాదు. ఉద్యోగాలు వస్తున్నాయి, పోతున్నాయి. రాబోయే ఉద్యోగం కోసం ఖాళీగా కూర్చుని ఎదురుచూసే స్తోమత ఏ ఇంటికి ఉంది అన్నదే బండారులంకలాంటి చోట అసలు సంగతి. పట్టా చేతికొచ్చిన రోజుకీ, నిలదొక్కుకునే జీతం అందిన రోజుకీ మధ్య ఏడాది, ఏడాదిన్నర ఖాళీ ఉంటుంది. ఎవరు ఆ రంగంలో మిగులుతారో, ఎవరు తిరుగు బస్సెక్కుతారో అక్కడే తేలిపోతోంది.

ఫీజు వరకే సాయం

ఇంజినీరింగ్ సంగతి తీసుకుందాం. 2007లో బీసీ-ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్, 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ముస్లిం ఇళ్లలో బీటెక్ అనే మాట మామూలైంది. ఓడలరేవులో బీవీసీ కాలేజీ 1997 నుంచే ఉంది. కన్వీనర్ కోటాలో సీటొస్తే ఇంటి దగ్గర నుంచే బస్సులో వెళ్లి చదువుకోవచ్చు. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమై, కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఆపి, తండ్రి అప్పు చేసి కట్టిన ఇళ్లూ ఉన్నాయి. అయినా నాలుగేళ్ల చదువు ఎలాగో గట్టెక్కుతుంది.

మీడియా చదువులకు ఆ మాత్రం దారి కూడా లేదు. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూలో ఫైన్ ఆర్ట్స్ చదవాలనుకునే ఆంధ్ర పిల్లలకు ఒకప్పుడు కొంత అవకాశం ఉండేది. విభజన చట్టంలోని పదేళ్ల గడువు 2024 జూన్‌తో ముగిశాక తెలంగాణ కన్వీనర్ సీట్లలో ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది. మన రాష్ట్రంలో ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. 2020లో కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారు. ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది కానీ ఆ ప్రవేశ పరీక్ష సంగతి మన జిల్లాలో ఎంతమంది పిల్లలకు చెప్పారు? 1998లో మొదలైన మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో జర్నలిజం కోర్సులున్నాయి. అక్కడ చేరాలంటే ఉర్దూ చదివి ఉండాలి. కోనసీమలో ముస్లింలు తక్కువ, ఇంట్లో ఉర్దూ మాట్లాడినా బడిలో చదివింది తెలుగే. దాంతో మనవాళ్లకు అదీ దూరమే.

ఇక మిగిలింది ప్రైవేటు సంస్థలు. గోడల మీద సినిమా పోస్టర్లు, ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అనే బోర్డు, ఏడాది డిప్లొమా. వీటిలో చాలా కోర్సులకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. రెండు ప్రశ్నలు అడక్కుండా డబ్బు కట్టకూడదు. సర్టిఫికెట్ ఏ యూనివర్సిటీ పేరుతో వస్తుంది? పోయిన బ్యాచ్‌లో ఎవరెవరు ఎక్కడ పనిచేస్తున్నారో వాళ్లతో ఫోన్లో మాట్లాడిస్తారా? రెండో ప్రశ్నకు జవాబు దాటేశారంటే అర్థమైపోయినట్టే.

అమీర్‌పేట లెక్క

విచిత్రమేంటంటే బీటెక్ పిల్లాడూ, యానిమేషన్ పిల్లాడూ చివరికి చేరేది ఒక్కచోటికే. అమీర్‌పేట హాస్టల్‌కి. కాలేజీలో చెప్పని కోర్సు నేర్చుకోవడానికి ఒకడు, షోరీల్ తయారు చేసుకోవడానికి ఇంకొకడు. అక్కడ ఎంత ఖర్చవుతుందో ఓ అంచనా వేసుకుందాం. హాస్టల్, తిండి, బస్సు, ఫోన్ కలిపి నెలకు 9 వేలు అనుకుంటే 18 నెలలకు 1,62,000. కోర్సుకు 30 వేలు. లాప్‌టాప్‌కు 60 వేలు. మొత్తం 2,52,000. గ్రాఫిక్స్ పనికి పనికొచ్చే మెషీన్ కావాలంటే ఇంకా పైకే పోతుంది.

ఇప్పుడు దీని పక్కన ఇంకో అంకె పెట్టండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. అంటే ఏ ఇంటిని పేదదని లెక్కగట్టి ప్రభుత్వం ఫీజు కడుతోందో, ఆ ఇల్లు ఏడాదంతా తినకుండా దాచినా ఈ ఖాళీ కాలానికి సరిపోదు. దీనికి ఏ పథకమూ లేదు. హైదరాబాద్‌లో చాచా ఇల్లో, అన్న గదో ఉన్నవాడికి ఖర్చు సగానికి తగ్గుతుంది, నిలబడతాడు. లేనివాడు ఆరో నెలలో దొరికిన కాల్ సెంటర్‌లో చేరిపోతాడు, లేదా ఊరొచ్చేసి పాస్‌పోర్ట్‌కు పెట్టుకుంటాడు. కోనసీమకు కువైట్ దారి కొత్తేం కాదు. తెలివిలో ఇద్దరికీ తేడా ఉండకపోవచ్చు.

వీఎఫ్ఎక్స్‌లో ఈ ఖాళీ మరీ ప్రమాదకరంగా మారింది. కొత్తవాళ్లకు మొదట ఇచ్చే పని రోటో. ఒక్కో ఫ్రేమ్‌లో మనిషి చుట్టూ గీత గీసి బ్యాక్‌గ్రౌండ్ నుంచి విడదీయాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, పది సెకన్ల షాట్‌కు 240. తాళ్లు, తీగలు చెరిపేసే పెయింట్ పనీ అలాంటిదే. విదేశీ స్టూడియోలు మన దేశానికి ఎక్కువగా పంపింది ఈ ఓపిక పనినే. ఏఐ ముందుగా చెయ్యేసింది కూడా దీని మీదే. పైమెట్లు అలాగే ఉన్నాయి, కింది మెట్టు అరిగిపోతోంది. మొదటి మెట్టే లేకపోతే పైకి ఎక్కేదెలా?

ఈ రంగానికి గాలివాటం కొత్త కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ‘లైఫ్ ఆఫ్ పై’కి గ్రాఫిక్స్ చేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమాకు ఆస్కార్ రావడానికి కొద్ది రోజుల ముందే కంపెనీ దివాలా తీసింది. అలాగని ఇక్కడ అన్నీ మునిగిపోయిన కథలే కావు. ‘ఛోటా భీమ్’ హైదరాబాద్‌లోనే పుట్టింది. ‘ఈగ’, ‘బాహుబలి’కి పనిచేసిన మకుట స్టూడియో కూడా అక్కడిదే.

పట్టా విషయంలో ఇంకో మాట. రాజోలు వైపు మట్టపర్రు నుంచి వెళ్లిన దర్శకుడు సుకుమార్ ఏ మీడియా డిగ్రీ పట్టుకుని వెళ్లలేదు. కాకినాడలో లెక్కల లెక్చరర్‌గా చేసి, సినిమాల్లోకి వెళ్లి, 2004లో ‘ఆర్య’ తీశారు. అందరూ సుకుమార్ అయిపోరు, నిజమే. చేతిలో ఒక జీతం వచ్చే పని ఉండి ఇష్టమైన పని వైపు నడవడం అనే పద్ధతి మాత్రం మధ్యతరగతి ఇళ్లకు అందేదే.

ఊళ్లో ఉన్న పని

బండారులంకలో మగ్గం నేసే ఇళ్లకు ఈ వ్యవహారం అర్థం కావడానికి పెద్ద వివరణ అక్కర్లేదు. నూలు ఇచ్చేది, డిజైన్ ఇచ్చేది, చీర అమ్ముకునేది మాస్టర్ వీవర్. నేసినవాడికి మజూరీ. రోటో చేసే పిల్లాడిదీ అంతే: షాట్ ఎవరిదో, పేరు ఎవరిదో, ఇతనికి ఫ్రేముల లెక్క. డిజైన్ ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్ల దగ్గర ఆగుతుంది.

అందుకే ఊళ్లోనే ఉన్న పనిని చిన్నచూపు చూడక్కర్లేదు. చీరను ఫోన్‌లో లైవ్‌గా చూపించి అమ్మేవాళ్లకు మంచి ఫొటో, మంచి వెలుతురు, సరిగ్గా కోసిన వీడియో కావాలి. నికాహ్, వలీమా వీడియోలకు కూడా అంతే. మగ్గం డిజైన్‌ను కంప్యూటర్‌లో గీయగలిగితే అదీ ఒక వృత్తే. చేనేత టెక్నాలజీ డిప్లొమా కోసం వెంకటగిరిలో ప్రత్యేకంగా సంస్థ ఉంది. పెళ్లి చూపుల్లో ‘అబ్బాయి ఏం చేస్తాడు’ అంటే చెప్పుకోవడానికి ఇవేవీ ఉద్యోగాల్లా వినిపించవు. ఇక్కడి చిక్కు సగం అదే.

ఆడపిల్లల విషయంలో ఊళ్లో పని అనే మాటకు ఇంకా బరువుంది. హైదరాబాద్ హాస్టల్‌కు పంపడానికి వెనకాడే ఇళ్లు మన సముదాయంలో చాలా. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు మహిళలకు పెద్ద ఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ అవకాశాలు తెస్తామని, పట్టణాల్లో, మండలాల్లో కలిసి కూర్చుని పనిచేసే ఆఫీసులు పెడతామని చెప్పారు. అమలాపురంలో అలాంటిది ఒక్కటి సరిగ్గా నడిస్తే బండారులంక అమ్మాయి పొద్దున వెళ్లి మగ్రిబ్‌కు ఇంటికి రాగలదు.

కానీ దానికి నెట్ ఉండాలి. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు జరిగాక రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ అందే చోటు వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకు, యానాం వైపుకు పోయారు. గొడవలో వాళ్లకు సంబంధమే లేదు.

రసీదు లేని ఖర్చు

ప్రభుత్వం పట్టించుకోని ఈ ఏడాదిన్నరను సముదాయం పట్టించుకోవచ్చు. జకాత్ నుంచి స్కాలర్‌షిప్ ఇచ్చే కమిటీలు మామూలుగా అడిగేది కాలేజీ ఫీజు రసీదు. బీటెక్ ఫీజు చాలామందికి ఎలాగూ ప్రభుత్వం నుంచే వస్తోంది. అమీర్‌పేట గదిలో కూర్చుని ఇంటర్వ్యూలకు తిరుగుతున్నవాడి దగ్గర రసీదు ఉండదు, అద్దె బాకీ ఉంటుంది. వడ్డీ భయంతో బ్యాంకు మెట్లు ఎక్కని ఇళ్లకు మైనారిటీ కార్పొరేషన్ రుణం కూడా నచ్చదు, అందులోనూ తక్కువో ఎక్కువో వడ్డీ ఉంటుంది కాబట్టి.

జకాత్ సొమ్ము లాప్‌టాప్‌కు, అద్దెకు వాడొచ్చా అన్నది ఉలమాను అడిగి తేల్చుకోవాల్సిన విషయం. కర్జె హసనాకు ఆ ఇబ్బంది లేదు. ఒక పిల్లాడికి లేదా పిల్లకు 72 వేలు ఇచ్చి, జీతం మొదలయ్యాక నెలకు 4 వేల చొప్పున తీసుకుంటే 18 నెలల్లో ఆ డబ్బు తిరిగొస్తుంది. అప్పటికి తర్వాతి బ్యాచ్ పరీక్షలు రాసి ఉంటుంది.