ఇంట పెరిగే జీవులు: పెట్టె తాబేటికి పెట్టవలసిన ఆహారం

మన సంస్థలో పనిచేసి పదవీ విరమణ పొందిన సోదరి ఒకరు ప్రస్తుతం అమెరికాలో కుమార్తె వద్ద ఉంటూ ఈ శీర్షికకు లేఖ వ్రాశారు. వారి మనుమడు సరీసృపాల సంరక్షణ కేంద్రం నుండి ఒక తాబేలును తెచ్చుకొని పెంచుకొంటున్నాడు. పెద్దలు ఉద్యోగాలకు, పిల్లవాడు బడికి వెళ్ళిన పిమ్మట దాని పోషణ భారమంతా అమ్మమ్మగారిదే. లెట్యూస్ ఆకులు, టమాటా ముక్కలు, అప్పుడప్పుడు కొద్దిగా పెరుగన్నం పెడుతున్నారట. రెండు వారాలుగా దాని కనురెప్పలు వాచిపోయాయని, మేత ముట్టడం లేదని, పిల్లవాడు దిగులు పెట్టుకొన్నాడని తెలిపారు.

పదవీ విరమణ అనంతరం ఏటా కొన్ని నెలలు అమెరికాలో గడిపే మన పాఠకులు పలువురు ఉన్నారు. కనుక ఈ విషయం వారందరికీ ఉపకరిస్తుందన్న ఉద్దేశంతో సమాధానాన్ని వివరంగా అందజేస్తున్నాము.

ఇది ఎటువంటి తాబేలు?

లేఖలోని వర్ణనను బట్టి అది ఉత్తర అమెరికా అడవులకు చెందిన బాక్స్ టర్టిల్. మన మాటలో పెట్టె తాబేలు అనవచ్చును. దీని క్రింది చిప్పలో మడత బందు వంటి అమరిక ఉంటుంది. భయపడినపుడు తల, కాళ్ళు లోనికి ముడుచుకొని, పెట్టె మూత వేసినట్లు చిప్పను పూర్తిగా మూసుకొనగలదు. ఉత్తర కరొలినా, టెన్నెసీ రాష్ట్రాలు దీనిని తమ అధికారిక సరీసృపంగా ప్రకటించుకొన్నాయి.

ఎత్తయిన డిప్పతో నేలపై నడిచే ఈ జీవిని చూచి చాలామంది ఆకులు మాత్రమే మేసే మెట్ట తాబేలని భావిస్తారు. పోషణలో జరిగే పొరపాట్లలో అధిక భాగం ఇక్కడే మొదలవుతుంది. వాస్తవానికి ఇది చెరువు తాబేళ్ళ కుటుంబానికి చెందినది, ఆకునూ మాంసాన్నీ రెండింటినీ తినేది. అడవిలో వానపాములు, నత్తలు, పేడపురుగులు, గొంగళి పురుగులు, పుట్టగొడుగులు, రాలిన పండ్లు, లేత ఆకులు అన్నీ దీనికి భోజనమే. ఒక్కొక్కప్పుడు చచ్చిన జంతువుల మాంసాన్ని సైతం తింటుంది. ఇంత వైవిధ్యమున్న ఆహారానికి అలవాటు పడిన ప్రాణి లెట్యూస్ ఆకుతో, అన్నంతో ఆరోగ్యంగా ఉండజాలదు.

పళ్ళెంలో ఏది ఎంత?

పెరిగిన తాబేటికి మొత్తం ఆహారంలో సుమారు సగం జంతు సంబంధమైనదిగా, మిగిలిన సగంలో అధిక భాగం ఆకుకూరలు, కూరగాయలుగా, కొద్ది భాగం పండ్లుగా ఉండాలి. మొదటి నాలుగైదు సంవత్సరాల వయస్సులో మాంసాహారం పాలు ఇంకా హెచ్చుగా ఉండవలెను.

జంతు సంబంధమైన వాటిలో వానపాములు, నత్తలు, ఇలకోళ్ళు శ్రేష్ఠమైనవి. అమెరికాలో పెంపుడు జంతువుల దుకాణాలలో ఇవి సులభంగా లభిస్తాయి. పురుగుల మందు చల్లిన పచ్చికలో దొరికిన వానపాములను, నత్తలను మాత్రం పెట్టరాదు.

ఆకులలో డాండెలయన్, కొలార్డ్, ఆవాకు, ముల్లంగి ఆకు మంచివి. కూరగాయలలో గుమ్మడి, క్యారెట్, చిలగడదుంప తగినవి. దుంపను ఉడికించి, క్యారెట్‌ను కోరి పెట్టవచ్చును. పండ్లలో బొప్పాయి, మామిడి, స్ట్రాబెర్రీ, అత్తి పండ్లను ఇది మిక్కిలి ఇష్టంగా తింటుంది. ఇష్టపడుతున్నది గదా అని పండ్లే పెడితే తక్కిన వాటిని ముట్టడం మానివేస్తుంది. అందుచేత అన్నింటినీ సన్నగా తరిగి, ఏరుకొనడానికి వీలులేకుండా కలిపి పెట్టడం మేలు.

సున్నము, సూర్యరశ్మి

తాబేటి చిప్ప ఎముకతో నిర్మితమైనది. దాని పెరుగుదలకు, పటుత్వానికి కాల్షియం అవసరం. ఆహారంలో భాస్వరం కంటె కాల్షియం కనీసం ఒకటిన్నర నుండి రెండు రెట్లు ఉండాలని నిపుణులు చెబుతారు. దుకాణాలలో అమ్మే పురుగులలో లెక్క దీనికి తారుమారుగా ఉంటుంది. భాస్వరమే హెచ్చు. ఈ లోటు తీర్చడానికి వారంలో రెండు, మూడు పర్యాయాలు భాస్వరం లేని కాల్షియం పొడిని ఆహారంపై చల్లాలి. పంజరపు చిలుకలకు పెట్టే కటిల్ బోన్ ముక్కను, అనగా మన మూలికల అంగళ్ళలో సముద్రపు నురుగు అనే పేర లభించే దానినే, ప్రక్కన ఉంచితే తాబేలు కొరుక్కొంటుంది.

తిన్న కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి3 కావాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాల వలన అది శరీరంలో తయారవుతుంది. కిటికీ అద్దం ఈ కిరణాలను చాలవరకు అడ్డగిస్తుంది కనుక అద్దం చాటున ఎండ పడుతున్నదని తృప్తి చెందరాదు. వాతావరణం అనుకూలించిన రోజులలో ఆరుబయట, నీడకు చోటుంచి, కాసేపు విడవాలి. ఇంటిలోనే ఉంచవలసి వచ్చినపుడు ఇందుకై ప్రత్యేకంగా తయారైన దీపాన్ని అమర్చాలి. దాని వెలుగు తగ్గకపోయినా కిరణాల శక్తి క్రమేణా క్షీణిస్తుంది కాబట్టి తయారీదారులు సూచించిన గడువులో మార్చాలి. కాల్షియం కొరవడిన తాబేటికి చిప్ప మెత్తబడుతుంది, వంకర తిరుగుతుంది, కాళ్ళలో బలం తగ్గుతుంది.

కన్నుల వాపునకు కారణం

సోదరి తెలిపిన లక్షణం విటమిన్ ఎ లోపం వలన తరచు కలుగుతుంది. కనురెప్పలు వాచి మూసుకొనిపోతాయి. చూపు ఆనదు కాబట్టి తాబేలు మేత ముట్టదు, మేత లేనందున లోపం మరింత ముదురుతుంది. కొన్నింటికి చెవి భాగంలో గడ్డ లేస్తుంది. సరీసృపాలలో చీము గట్టిగా ఉండడం చేత ఆ గడ్డను వైద్యులు కోసి తీయవలసి ఉంటుంది.

కన్నుల వాపునకు ఇతర అంటురోగాలు కూడా కారణం కావచ్చును. అందుచేత సరీసృపాల చికిత్స తెలిసిన పశువైద్యుని వద్దకు జాగు చేయక తీసుకొని వెళ్ళాలి. విటమిన్ ఎ మోతాదు మించితే చర్మం ఊడిపోయేటంతటి హాని జరుగుతుంది. మందుల దుకాణంలో కొన్న చుక్కలను సొంతంగా వేయడం ప్రమాదకరం. కోలుకొన్న తరువాత గుమ్మడి, క్యారెట్, చిలగడదుంప, ముదురాకు పచ్చని ఆకులు క్రమం తప్పక పెట్టినచో ఈ బాధ తిరిగి రాకుండా చాలవరకు నివారించవచ్చును.

పెట్టకూడనివి

పాలు, పెరుగు, జున్ను పనికిరావు. పాలలోని చక్కెరను జీర్ణించుకొనే శక్తి సరీసృపాలకు లేదు. అన్నం, రొట్టె, బిస్కెట్లు, ఉప్పుకారాలు తగిలిన వంటకాలు, ఉల్లి, వెల్లుల్లి పెట్టరాదు. అవకాడో విషతుల్యం. మిణుగురు పురుగులలో సరీసృపాలకు ప్రాణాంతకమైన విషపదార్థం ఉంటుంది. కుక్కల, పిల్లుల ఆహారంలో మాంసకృత్తులు, కొవ్వు హెచ్చు కాబట్టి అది నిత్యాహారం కారాదు. పాలకూరలోని ఆక్జాలిక్ ఆమ్లం కాల్షియంను పట్టివేస్తుంది, ఎప్పుడో ఒకసారి తప్ప వద్దు. పలుచని లెట్యూస్‌లో నీరే గాని పోషకాలు స్వల్పం.

వేళ, నీరు, శుభ్రత

పిల్ల తాబేళ్ళకు ప్రతిదినం, పెద్దవాటికి దినం విడిచి దినం ఉదయం వేళ ఆహారం పెట్టాలి. అరగంటలో తినగలిగినంత చాలు. మిగిలినది తీసివేయాలి. శరీరానికి తగినంత వెచ్చదనం లేకపోతే తిన్నది జీర్ణం కాదు. పగటి ఉష్ణోగ్రత 24 నుండి 29 సెంటిగ్రేడు డిగ్రీల మధ్య ఉండడం మంచిది. అడవిలో వాన కురిసిన వెంటనే ఇవి మేతకు బయలుదేరుతాయి. తినక మారాము చేసేవాటిపై కొద్దిగా నీరు చిలకరించి, ముందుగా కదిలే వానపామును చూపితే తరచు ఫలితం కనిపిస్తుంది. లోతులేని వెడల్పు పళ్ళెంలో నీరు పోసి దినదినం మార్చాలి.

తాబేళ్ళ నుండి మనుష్యులకు సాల్మొనెల్లా క్రిములు సోకే అవకాశమున్నది. ఈ కారణంగానే అమెరికాలో నాలుగు అంగుళాల కంటె చిన్న తాబేళ్ళ విక్రయాన్ని 1975లో నిషేధించారు. ముట్టుకొన్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుగుకోవాలి. దాని పళ్ళేలను వంటింటి తొట్టిలో కడుగరాదు. ఐదేళ్ళలోపు పిల్లలను దూరంగా ఉంచాలి.

ఒక మనవి

ఈ వ్యాసం చదివి మన పిల్లలు తాబేటి కొరకు ముచ్చటపడవచ్చును. మన పొలాలలో, చిట్టడవులలో తిరిగే నక్షత్ర తాబేలు, చెరువులలోని తాబేళ్ళు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ పొందిన జీవులు. వాటిని పట్టి ఇంట ఉంచడం శిక్షార్హమైన నేరం. నక్షత్ర తాబేటి అంతర్జాతీయ వ్యాపారాన్ని 2019లో నిషేధించారు. అమెరికన్ పెట్టె తాబేళ్ళ అంతర్జాతీయ వ్యాపారం కూడా 1995 నుండి నియంత్రణలో ఉన్నది. వీటి పెంపకంపై అక్కడి రాష్ట్రాల నిబంధనలు వేర్వేరు. అడవి నుండి తేకుండా సంరక్షణ కేంద్రాన్ని ఆశ్రయించిన ఆ బాలుని కుటుంబం అభినందనీయం.

చక్కగా పోషిస్తే ఈ తాబేలు ముప్పది, నలుబది సంవత్సరాలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి జీవిస్తుంది. మనుమడు పెద్దవాడై తన సంసారం దిద్దుకొనే నాటికి కూడా అది అతని ఇంట ఉండవచ్చును. కనుక సోదరి ముందు వైద్యుని చూపించి, ఆ తరువాత పళ్ళెంలో ఏది ఎంత వేయాలో మనుమని చేతనే తరిగించి, కలిపించి నేర్పగలరని ఆశిస్తున్నాము. ఆ పని ఇకపై అతడే చేయవలసి ఉన్నది.