ఖాళీ పొర కూడా సాక్ష్యమే

నారాయణగూడ, చిక్కడపల్లి పాత ఇళ్లలో పరిచిన షాబాద్ బండలు ఒకప్పటి సముద్రపు అడుగు. కలబురగి జిల్లా షాబాద్ నుంచి మన తాండూరు దాకా ఉన్న భీమా బేసిన్‌లో ఆ సున్నపు బురద పేరుకున్నది కేంబ్రియన్ యుగానికి ముందే. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివేవాళ్లకు కేంబ్రియన్ అంటే ఒక బిట్టు: జంతువులు ఒక్కసారిగా వెల్లువెత్తిన కాలం, 54 కోట్ల ఏళ్లు, టిక్కు. అంతకుముందు రాళ్లలో జంతువు కనబడదు కనుక వాటిని బండలుగా కోసుకోవడం తప్ప ఇంకో పని లేదన్న ధోరణి మనది. అది పొరపాటు.

మెత్తటి ఒళ్లున్న ప్రాణి చచ్చాక కుళ్లిపోవడమే సహజం, మిగలడం అరుదు. 1909లో శిలాజ శాస్త్రవేత్త వాల్కాట్ కెనడాలో కనిపెట్టిన బర్జెస్ షేల్ అనే బురదరాతి పొరల్లో అలాంటి జంతువులు కాళ్లు, మొప్పలతో సహా ఎందుకు మిగిలాయంటే, ప్రాణవాయువు లేని సన్నటి బురద వాటిని ఉన్నపళంగా కప్పేసింది. అందులోని కొన్ని బంకమట్టి ఖనిజాలు కుళ్లును అడ్డుకున్నాయి. జన్యువుల లెక్కలు కొన్ని జంతువుల పుట్టుకను 80 కోట్ల ఏళ్ల వెనక్కి నెడతాయి. నమ్మదగిన శిలాజాలు మాత్రం 57 కోట్ల ఏళ్ల దగ్గరే మొదలవుతాయి. మధ్యలో జంతువుల్లేవా, ఉండీ మిగల్లేదా? లేమి సాక్ష్యం కాదన్న అభ్యంతరం సబబే, అయితే అది అన్ని రాళ్లకూ వర్తించదు. 2023లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి ఖనిజాలే ఉన్న పాత పొరలను వెతికారు. సూక్ష్మజీవులు చక్కగా మిగిలాయి, జంతువు లేదు. దాన్నిబట్టి 78.9 కోట్ల ఏళ్లకు ముందు జంతువులు ఉండకపోవచ్చని తేల్చారు. భద్రపరచగల పొర ఖాళీగా ఉంటే అదీ సమాచారమే.

భీమా బేసిన్ షేల్‌లో చువారియా నమోదైంది. మిల్లీమీటర్లలో కొలిచే గుండ్రటి నల్లని కార్బన్ పొర అది. శైవలమని ఎక్కువమంది అభిప్రాయం. అంత పల్చటిదే నిలిచిన చోట ఏ ఖనిజాలున్నాయో, ఇంకేం నిలవలేదో చూడాలి కదా.

భీంబేట్కా సంగతేమిటని ఎవరైనా దెప్పవచ్చు. అక్కడి రాతిపై డికిన్సోనియా అనే తొలికాలపు జంతువు శిలాజం ఉందని 2021లో ప్రకటించారు. 2023కల్లా అది తేనెపట్టు మరక అని తేలింది. మళ్లీ వెళ్లి చూడటానికి రాయి అక్కడే ఉంది కాబట్టే తేలింది. కోసి, పాలిష్ పట్టి అమ్మేసిన పొరతో ఆ పని కుదరదు. అలాగని తాండూరు గనులు మూయమని కాదు, ఎందరికో అదే కూడు. షేల్‌ను నేలబండగా ఎవరూ కొనరు కాబట్టి వ్యాపారానికి నష్టమూ లేదు; గని తవ్వినప్పుడల్లా అది ఎంత లోతున తగిలిందో రాసి, నాలుగు ముక్కలు దాచమని లీజు షరతుల్లో చేర్చితే చాలు.