పాత మోటారుకారు కొనునప్పుడు

అమెరికాలోఁ గాపురముండు మన సోదరీమణులు కొందఱి యిండ్లలోనికిఁ బాత మోటారుకారుల మోజు ప్రవేశించియున్నది. ఆ వేడుక తప్పని మేమనము. కాని కొనుటకు ముందు చూడవలసినది రంగు గాదు, త్రుప్పు.

1955 మొదలు 1957 వఱకు వచ్చిన షెవ్రోలె కారు లెంతయో సొగసైనవి. వాని యింజను చెడినను బాగుచేయింపవచ్చును. విడిభాగములు నేఁటికిని దొరకుచున్నవి. ఉక్కురేకును త్రుప్పు తినివేసినచో మాత్రము మరమ్మతుఖర్చు కారు వెలనే మించిపోవచ్చును. మంచు కురియు రాష్ట్రములలో బాటలపైఁ జల్లు నుప్పు దీనికి ముఖ్యకారణము. కొందఱమ్మకందారు లా రంధ్రములను లప్పముతోఁ బూడ్చి పైని నిగనిగలాడు రంగు వేయింతురు. పలుచని గుడ్డ చుట్టిన యయస్కాంతమును తలుపుల యడుగుభాగమున నానించి చూడుఁడు. ఉక్కైనచో నంటుకొనును, దట్టముగా లప్పము పెట్టినచో జాఱిపోవును. పిదప లోని తివాచీ యెత్తి నేలరేకును జూడవలయును. అమ్మువాఁ డెత్తనీయనిచో మీవారిని వెంటనే యింటికిఁ బిలుచుకొనిపొండు!

కొన్న పిమ్మట మొదటి ఖర్చు రంగునకుఁ గాక బ్రేకులకుఁ బెట్టింపుఁడు. ఆ కారులలో నాలుగు చక్రముల బ్రేకులకును ద్రవము నొకే మార్గమునఁ బంపుదురు. ఒకచోటఁ గాఱినచో నన్నియుఁ బోవును. నేఁటి పెట్రోలులోఁ గలుపు ఎథనాలు పాత రబ్బరుగొట్టములను జెఱచును గావున వానిని మార్పింపనిచో నగ్నిభయము గలదు. సీటుబెల్టు లానాఁడు తప్పనిసరి గావు. అవి బిగింపించువఱకుఁ బిల్లలను షికారునకుఁ బంపకుఁడు.