నడవని గడియారాలు

వెర్రి వేయి విధాలన్నారు. తెలుగు పాఠాలు చెప్పుకునే నేను, నగల కొట్లవాళ్ళు ఒకప్పుడు అద్దాల బీరువాల్లో పెట్టిన బొమ్మ వాచీలు పోగుచేస్తాను. తెనాలిలో మా యింట్లో యిరవైమూడున్నాయి. ఒక్కటీ నడవదు. "రోజూ కాలేజీకి ఆలస్యంగా వెళ్ళే మనిషికి తగిన ఆస్తే" అంటుంది మా ఆవిడ.

బొమ్మ వాచీ అంటే పిల్లల ఆటవస్తువనుకునేరు! మంచివాటిలో కేసు, డయలు, ముళ్ళు, అద్దం అన్నీ అసలువే; లోపల యంత్రం మాత్రం వుండదు. యెందుకంటారా? ఎండపొడ తగిలేచోట నెలల తరబడి వుంటే వాచీలోని నూనె ఎండిపోతుంది. దొంగల భయం సరేసరి. అల్లుడికి వాచీ పెట్టక తప్పని రోజుల్లో, మామగారు బొమ్మను చూసి ఎంచుకుంటే షావుకారు యినప్పెట్టె తెరిచి అసలుది తీసేవాడు.

వీటి ముళ్ళు దాదాపు అన్నీ పదీపది దగ్గరే ఆగివుంటాయి. అది అణుబాంబు పడ్డ వేళని కొందరంటారు గాని, హిరోషిమాలో బాంబు పడ్డది 8-15కి. పన్నెండు అంకె కింద వుండే కంపెనీ పేరు కనపడాలని, అంతే. 1920ల నాటి ప్రకటనల్లో తరచు 8-20 చూపించేవారు. అది మూతి ముడుచుకున్న మొహంలా వుంటుంది; నాకు నచ్చదు.

బెంగుళూరులో హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో 1961లో వాచీల తయారీ మొదలుపెట్టారు. ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. పాతవాటికి గిరాకీ వచ్చేసరికి, బొమ్మల్లో ఏదో ఒక యంత్రం దూర్చి అసలువని అమ్మేవాళ్ళూ బయలుదేరారు. అటువంటి బేరగాడొకడు వచ్చి నా పెట్టె మొత్తం అడిగితే గుమ్మంలోంచే పంపించాను.

కిందటి వేసవిలో బాపట్ల నుంచి నా పాత విద్యార్థి ఒకడు వచ్చాడు. రుమాల్లో చుట్టిన వాచీ, పోయిన తండ్రిది. యంత్రం నిక్షేపంగా వున్నది గాని, చెమటకు కేసు తినేసింది, డయలు నల్లబడింది.

"మాస్టారూ, యిదే రకం బొమ్మ మీదగ్గర వున్నదట" అన్నాడు.

వున్నది. రేపల్లెలో కొట్టు ఎత్తేస్తూ ఒక ముసలి షావుకారు ఉచితంగా యిచ్చాడు. మళ్ళీ అటువంటిది నా కంటబడలేదు. రెండురోజులు గడువడిగాను.

మూడోరోజు యిద్దరం మరమ్మతు చేసే ఆయన ముందు కూర్చున్నాం. ఆయన కంటికి భూతద్దం బిగించి, ఆ యంత్రాన్ని బొమ్మలో అమర్చి కీ యిచ్చాడు. పదీపది దాటింది.

పాత కేసూ డయలూ కుర్రాడు నాకే వదిలేశాడు. పెట్టెలో రేపల్లె గడిలో వాటిని వుంచాను. మా ఆవిడ లెక్కన యిప్పుడు నా ఆస్తి యిరవైరెండున్నర.