సిద్దెలో నూనె ఉందా?



"సిద్ధపడండి, ప్రభువు వస్తున్నాడు" అని కూటాల్లో వింటూనే ఉంటాం. వినగానే కొందరికి భయం పుడుతుంది. కొందరు ఏ సంవత్సరం, ఏ నెల అని లెక్కలు వేస్తారు. ఆ దినము, ఆ గడియ ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాడు. మరి సిద్ధపడడం అంటే ఏమిటి?

మత్తయి 25వ అధ్యాయంలో పదిమంది కన్యకలు ఉన్నారు. పెండ్లికుమారుడు ఆలస్యం చేశాడు. పదిమందీ నిద్రపోయారు, బుద్ధిగలవాళ్ళు కూడా. తేడా నిద్రలో లేదు, సిద్దెలో ఉన్న నూనెలో ఉంది. కేక వినబడ్డాక అంగడికి పరుగెత్తిన ఐదుగురికి తలుపు మూసేశారు. మన షోలాపూరు వాళ్ళకు ఇది వేరే చెప్పాలా? భోంగా మోగాక తయారయ్యేవాడు గేటు దగ్గర ఎప్పుడూ లేటే.

ఆ నూనె ఏమిటని అడిగితే బోధకులు రకరకాలుగా చెబుతారు. నా మట్టుకు నాకు అది రోజూ చేసే స్తోత్రం. అవసరం వచ్చినప్పుడు పక్కింట్లో అది అప్పు పుట్టదు.

"అన్నా, మిల్లు మూతపడింది, రావాల్సిన డబ్బు రాలేదు, డబ్బాలో బియ్యం లేదు. దేనికి స్తోత్రం?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. న్యాయమైన మాటే. థెస్సలొనీకయుల మొదటి పత్రిక 5వ అధ్యాయం చూడండి. ప్రతి విషయమందు, అంటే ఏ స్థితిలో ఉన్నా స్తోత్రం చెప్పమని అక్కడుంది. మిల్లు మూతపడడం మంచిదని అనమని కాదు. ఆ రోజు కూడా దేవుడు మన చెయ్యి వదల్లేదని చెప్పుకోవడం.

ఆ మాట రాసిన పౌలు సుఖంగా కూర్చుని రాసినవాడు కాదు. డేరాలు కుట్టి, చేతులతో కష్టపడి బతికిన మనిషి. ఫిలిప్పీలో ఆయన్నీ సీలనూ బెత్తాలతో కొట్టి, కాళ్ళకు బొండ వేసి బిగించారు. మధ్యరాత్రి ఇద్దరూ పాడారు, ఖైదీలు విన్నారు. భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నా పారిపోలేదు. ప్రాణం తీసుకోబోయిన చెరసాల నాయకుణ్ణి ఆపారు. అతనే ఆ రాత్రి వాళ్ళ గాయాలు కడిగి భోజనం పెట్టాడు.

ఇక్కడితో ఆపేస్తే సగం కథే. తెల్లారి న్యాయాధిపతులు, వాళ్ళను వదిలేయండని కబురు పంపారు. పౌలు ఒప్పుకోలేదు. విచారణ లేకుండా అందరి ముందు కొట్టించారు, ఇప్పుడు చాటుగా పంపిస్తారా, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలి అన్నాడు. వాళ్ళు వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి స్తుతించిన నోరే పొద్దున న్యాయం అడిగింది.

కాబట్టి గ్రాట్యుటీ కోసం, పింఛను కోసం కాగితాలు పట్టుకుని తిరగడం అవిశ్వాసం కాదు. ప్రార్థన చేసి వెళ్ళండి, వెళ్ళి గట్టిగా అడగండి. పని చేయనివాడు తినకూడదు అనే వాక్యం చూపించి, పని దొరకనివాణ్ణి ఎవరూ చిన్నబుచ్చకండి. ఆ మాట పని చేయనొల్లని వాడికి.

ఈ నెల ఒక్క పని చేయండి. పడుకునేముందు ఇంట్లో అందరూ కూర్చుని, ఆ రోజు జరిగిన ఒక్కొక్క మేలు చెప్పండి. నీళ్ళు వచ్చాయి, జ్వరం తగ్గింది, పక్కావిడ కూర ఇచ్చింది, ఇలాంటివే చాలు. పిల్లల్నీ ముసలివాళ్ళనూ చెప్పనివ్వండి. ఎవరితోనైనా మాటలు లేకపోతే, వెళ్ళి పలకరించి వచ్చి పడుకోండి. పిలుపు ఆ రాత్రే వచ్చినా భయం ఉండదు.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమెన్.